పనిలో గాయపడితే పరిహారం ఎంత? అందులో పన్ను ఎంత? లెక్క మీరే వేసుకోండి

ఫ్యాక్టరీలో వేలు తెగినా, కట్టడం మీంచి పడి కాలు విరిగినా మన దగ్గర మొదట జరిగేది బేరం. సేటు ఒక అంకె చెబుతాడు, మేస్త్రీ మధ్యలో ఉండి ఇంకో అంకె చెబుతాడు, బంధువుల్లో పెద్దమనిషి ఎవరో ఆ రెండిటికీ మధ్య ఒక మొత్తం తేలుస్తాడు. చట్టం లెక్కన ఎంత రావాలో ఆ ముగ్గురిలో ఒక్కరూ కట్టి చూడరు. నిజానికి ఆ లెక్కకు కావలసింది మూడే అంకెలు: జీతం, వయసు, నష్టం శాతం. సెల్‌ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు. ఈ మూడిట్లో ఏదో ఒక దాన్ని తగ్గించే మీకు రావలసింది తగ్గిస్తారు. కాబట్టి ఒక్కొక్కటీ ఎలా తేల్చుకోవాలో, చివరికి చేతికొచ్చిన డబ్బులో పన్ను ఎంత పోతుందో వరుసగా చూద్దాం.

మొదటి పని: మీది ఈఎస్ఐ దారా, పరిహార చట్టం దారా?

పే స్లిప్ తీయండి. అందులో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కింద 0.75 శాతం కట్ అవుతుంటే మీది ఈఎస్ఐ దారి. పదిమంది, అంతకు పైగా పనిచేసే సంస్థల్లో, నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లు దాని కిందికి వస్తారు. వైకల్యం ఉన్నవాళ్లకు ఆ పరిమితి 25,000. యజమాని తన వాటాగా 3.25 శాతం కడతాడు.

ఈఎస్ఐ లేదంటే, అంటే ఐదారుగురు పనిచేసే వర్క్‌షాపు, జీతం 21,000 దాటినవాళ్లు, కట్టడం పనివాళ్లలో చాలామంది, అప్పుడు ఉద్యోగుల పరిహార చట్టం వర్తిస్తుంది. 1923 నాటిది. 2010 దాకా దాని పేరు కార్మికుల పరిహార చట్టం. పాత గుమాస్తాలు ఇప్పటికీ డబ్ల్యూసీ (వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్) కేసు అనే అంటారు. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చి దాని స్థానం తీసుకుంది. లెక్క కట్టే పద్ధతి మాత్రం అదే, కాబట్టి ఇక్కడ రెండిటినీ పరిహార చట్టం అనే అంటాను. మీ ప్రమాదం ఆ తేదీకి ముందు జరిగి ఉంటే మీ కాగితాల్లో పాత చట్టం సెక్షన్లే ఉంటాయి, కంగారు పడకండి.

రెండు దారుల్లోనూ నడవడం కుదరదు. ఈఎస్ఐ బీమా ఉన్నవాళ్లు అదే గాయానికి యజమాని మీద పరిహార కేసు వేయలేరు. ఈఎస్ఐ కట్టాల్సిన సంస్థే అయినా సేటు మిమ్మల్ని రిజిస్టర్ చేయలేదనుకోండి, ప్రమాదం జరిగిన మర్నాడే ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకు వెళ్లి ఆ సంగతి రాతపూర్వకంగా ఇవ్వండి. పనిలో గాయానికి ఇన్ని నెలల చందా కట్టి ఉండాలన్న షరతు ఈఎస్ఐలో లేదు. చేరిన మొదటి రోజు గాయపడ్డా హక్కు ఉంటుంది.

లారీ, ఆటో డ్రైవర్లకు మూడో దారి కూడా ఉంది. రోడ్డు ప్రమాదమైతే మోటారు వాహనాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, లేదా పరిహార చట్టం కింద వెళ్లవచ్చు. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. ఎదుటి బండి తప్పు స్పష్టంగా ఉంటే ట్రిబ్యునల్‌లో ఎక్కువ వచ్చే అవకాశం ఉంది. తప్పు మీదే అయినా, బండి దానంతటదే బోల్తా కొట్టినా పరిహార చట్టమే నయం. అక్కడ ఎవరి నిర్లక్ష్యమో నిరూపించక్కర్లేదు, పనిలో ఉండగా జరిగిందని చూపిస్తే చాలు.

మొదటి వారంలో పోగుచేయాల్సినవి

ఆసుపత్రిలో చేరేటప్పుడు రాసే కేస్ షీట్‌లో "పని స్థలంలో మెషీన్ ప్రమాదం" అని ఉండాలి. మన ఆసుపత్రుల్లో పోలీసు కేసు గొడవ ఎందుకని "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించేవాళ్లు ఉంటారు. తర్వాత రెండేళ్లు మీరు ఆ ఒక్క వాక్యంతో పోరాడాలి. తోడు వెళ్లినవాళ్లు రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరే ఇది చూసుకోవాలి.

జరిగింది యజమానికి రాసి ఇవ్వండి. వాట్సాప్ సందేశం పంపినా సరే, దాని స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. ఈఎస్ఐ ఉంటే యజమాని ప్రమాద నివేదిక పంపాలి. పంపాడో లేదో బ్రాంచ్ ఆఫీసులో అడగండి. మెషీన్ ఫోటో, తోటి పనివాళ్ల పేర్లు, ఆ రోజు హాజరు వివరం కూడా ముఖ్యం. మస్టర్‌లో ఆ రోజు మీ పేరు కొట్టేయడం కష్టమైన పనేం కాదు.

క్లెయిమ్ వేయడానికి గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం ఉంటే కేసు వినే కార్మిక శాఖ అధికారి మన్నించవచ్చు, కానీ దాని మీద ఆధారపడకండి.

మొదటి అంకె: జీతం

బేసిక్ ఒక్కటే జీతమని సేటు అంటే ఒప్పుకోకండి. పాత చట్టం ప్రకారం డబ్బులో లెక్కగట్టగల ప్రతి సౌకర్యమూ వేతనమే. ప్రయాణ భత్యం, పీఎఫ్‌కు యజమాని కట్టే వాటా, పని కోసం ప్రత్యేకంగా అయ్యే ఖర్చులకు ఇచ్చే డబ్బు మాత్రం లెక్కలోకి రావు. కొత్త కోడ్‌లో ఇంకో నిబంధన ఉంది: మినహాయించే అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాల్సిందే. బేసిక్ తక్కువ చూపించి మిగతాదంతా అలవెన్సుల్లో నింపే పే స్లిప్పులకు ఇది ముకుతాడు.

నెలజీతం లేకుండా బస్తాకింత, ముక్కకింత అని తీసుకునేవాళ్ల సంగతి? ఏడాదిపాటు ఒకే యజమాని దగ్గర చేసి ఉంటే ఆ పన్నెండు నెలల్లో వచ్చిందంతా కూడి పన్నెండుతో భాగించాలి. చేరి నెల కూడా కాకపోతే, అదే పని చేసేవాళ్లు గత ఏడాది నెలకు సగటున ఎంత సంపాదించారో చూస్తారు. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్లకు, ఆగకుండా పనిచేసిన రోజుల్లో వచ్చిన మొత్తాన్ని ఆ రోజుల సంఖ్యతో భాగించి 30తో గుణించాలి.

ఆధారం ఏమిటంటారా? బ్యాంకు పాస్‌బుక్, ఫోన్‌పే చరిత్ర, మేస్త్రీ లెక్కల పుస్తకం ఫోటో. ఏమీ లేకపోతే ఆ పనికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనాన్నయినా పరిగణించమని అడగండి.

ఇక్కడే ఒక చేదు నిజం. మీ జీతం 18,000 అయినా 40,000 అయినా పరిహార చట్టం లెక్కలో 15,000 దాటి తీసుకోరు. 2020 జనవరి 3 నుంచి ఉన్న పరిమితి అది. అంతకు ముందు పదేళ్లు 8,000 ఉండేది. జీతాలు పెరిగినంత వేగంగా ఈ అంకె పెరగలేదు. ఈ మొత్తం పద్ధతిలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే. కాబట్టి మీ ప్రమాదం 2020కి ముందుదైతే 8,000తో, తర్వాతదైతే 15,000తో లెక్క వేయండి. మీ జీతం అంతకన్నా తక్కువైతే మీ అసలు జీతమే తీసుకోవాలి.

రెండో అంకె: వయసుకు తగిన ఫ్యాక్టరు

చట్టంలో ఒక పట్టిక ఉంటుంది. ప్రమాదం నాటికి పూర్తయిన వయసుకు ఎదురుగా ఒక అంకె ఇస్తారు, దాన్నే ఫ్యాక్టరు అంటారు. 20 ఏళ్లకు 224.00, 25కు 216.91, 30కి 207.98, 35కు 197.06, 40కి 184.17, 45కు 169.44, 50కి 153.09, 55కు 135.56, 60కి 117.41. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే సంపాదించడానికి మిగిలిన ఏళ్లు తగ్గుతాయి.

మన ఊళ్లలో వయసు కాగితం మీద ఒకటి, నిజంగా ఒకటి. ఆధార్ తీయించేటప్పుడు పుట్టిన తేదీ తెలియక జనవరి 1 వేసి, ఏడాది ఉజ్జాయింపుగా పెట్టినవాళ్లు ఎంతమందో. 35 ఏళ్ల మనిషికి ఆధార్‌లో 40 ఉంటే, 15,000 జీతం మీద పూర్తి వైకల్యం లెక్కలో (ఆ లెక్క కింద ఉంది) 1,16,010 రూపాయల తేడా వస్తుంది. పదో తరగతి మెమో గానీ, బడి టీసీ గానీ ఉంటే అవి ముందు పెట్టండి.

మూడో అంకె: శాతం. అసలు గొడవంతా ఇక్కడే

కొన్ని గాయాలకు శాతాన్ని చట్టమే రాసిపెట్టింది. చేతి బొటనవేలు పూర్తిగా పోతే 30. చూపుడువేలు మొత్తం పోతే 14, అందులో ఒక కణుపు పోతే 9. మధ్యవేలుకు 12, ఉంగరపు వేలికైనా చిటికెన వేలికైనా 7. ఒక చేతి రెండు వేళ్లు పోతే 20, మూడు పోతే 30, నాలుగు పోతే 50. ఒక కన్ను చూపు పోయి రెండోది బాగుంటే 30, కనుగుడ్డే తీసేయాల్సి వస్తే 40. రెండు చేతులు పోవడం, ఒక చెయ్యీ ఒక పాదమూ పోవడం, చెవులు పూర్తిగా వినిపించకపోవడం లాంటివి నూరు శాతం కిందికి వస్తాయి. ఒకే ప్రమాదంలో రెండు మూడు గాయాలైతే శాతాలు కూడతారు, మొత్తం నూరు దాటకుండా.

ఆ పట్టిక కింద ఒక చిన్న గమనిక ఉంది, చాలామంది చదవరు. అవయవం తెగిపోకపోయినా, దాని వాడకం శాశ్వతంగా పూర్తిగా పోతే, అది తెగిపోయినట్టే లెక్క. అంటే వేలు చేతికే ఉంది, కానీ నరం తెగి ఇక వంగదు అంటే, వేలు పోయినవాడికి వచ్చేదే మీకూ రావాలి. "వేలు ఉందిగా" అని సేటు అంటే ఈ గమనిక చూపించండి.

పట్టికలో లేని గాయాలు, అంటే వెన్నుపూస దెబ్బ, తుంటి విరగడం, తలకు దెబ్బ తగిలి మతిమరుపు రావడం లాంటివాటికి డాక్టరు అంచనా వేయాలి. ఆ డాక్టరు చెప్పాల్సింది శరీరం ఎంత దెబ్బతింది అని కాదు. సంపాదించే శక్తి ఎంత తగ్గింది అని. ఈ తేడా డబ్బు రూపంలో చాలా పెద్దది. 1976లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వడ్రంగి కేసు వచ్చింది. ఎడమ చెయ్యి మోచేతి పైనుంచి తీసేశారు. ఒక చేతితో వడ్రంగం చేయలేడు కనుక అతనికి సంపాదన శక్తి నూరు శాతం పోయినట్టే అన్న నిర్ణయాన్ని కోర్టు సమర్థించింది. 2008లో మోకాలి దాకా కాలు తీసేసిన ట్యాంకర్ డ్రైవర్ విషయంలోనూ అలాగే తేలింది. డ్రైవింగ్ మాత్రమే తెలిసిన మనిషికి కాలు పోయాక ఇక డ్రైవరుగా బతుకు లేదు కదా.

మన దగ్గర సదరం సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లి అదే చివరి మాట అనుకునేవాళ్లు ఎక్కువ. సదరంలో ఉండేది శారీరక వైకల్యం శాతం. పింఛనుకు, బస్ పాస్‌కు అది కావాలి. పరిహారం కేసులో దాన్నొక ఆధారంగా పెట్టండి, కానీ అక్కడితో ఆగకండి. ఆర్థోపెడిక్ డాక్టరు చేత "ఈయన చేసే పని ఇది, ఇకపై ఈ పనిలో ఫలానా ఫలానా చేయలేడు, అందువల్ల సంపాదన శక్తి నష్టం ఇంత" అని విడిగా రాయించుకోండి. సర్టిఫికెట్‌లో మీ వృత్తి పేరు ఉందో లేదో చూసుకోండి. 40 శాతం వైకల్యం అని ఉన్న కాగితం హమాలీకీ గుమాస్తాకీ ఒకటే అర్థం ఇస్తుంది. సంపాదన దగ్గర మాత్రం ఇద్దరి నష్టం ఒకటి కాదు.

ఇక లెక్క వేద్దాం

ఆటోనగర్‌లో ఆరుగురు పనిచేసే షెడ్డు. పవర్ ప్రెస్ ఆపరేటరు, వయసు 35, జీతం 18,000, ఈఎస్ఐ లేదు, కుడిచేతి బొటనవేలు పూర్తిగా పోయింది. లెక్కకు తీసుకునే జీతం 15,000. శాశ్వత పూర్తి వైకల్యానికి అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని 197.06తో గుణిస్తే 17,73,540. బొటనవేలికి 30 శాతం కాబట్టి 5,32,062 రూపాయలు.

సేటు యాభై వేలు ఇస్తానంటే ఎన్నో వంతు ఇస్తున్నాడో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

పూర్తి వైకల్యానికి పాత చట్టం పెట్టిన కనీస మొత్తం 1,40,000. లెక్కలో తక్కువ వచ్చినా అది ఇవ్వాల్సిందే. మరణమైతే 60కి బదులు 50 శాతం తీసుకుంటారు, కనీసం 1,20,000.

వైద్యం ఖర్చు ఇందులో కలవదు. గాయానికి అసలు అయిన వైద్యం ఖర్చు యజమాని విడిగా భరించాలి. "ఆసుపత్రికి రెండు లక్షలు కట్టాను, అది పోను మిగతాది ఇస్తా" అనడం ఎక్కువగా వినబడే మాట. చట్టం దీన్ని ముందే ఊహించి, వైద్యానికి ఇచ్చిన డబ్బు పరిహారంగా లెక్కకు రాదని రాసింది. మధ్యలో పరిహారం కింద ఇచ్చిన అడ్వాన్సులు మాత్రం తగ్గించుకోవచ్చు. కాబట్టి ఏ డబ్బు తీసుకున్నా అది దేనికని ఒక చీటీ మీద రాయించుకోండి.

కోలుకునేదాకా వచ్చేది

కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నవాళ్లకు, తర్వాత మామూలు మనిషి అయినా సరే, తాత్కాలిక వైకల్యం కింద డబ్బు వస్తుంది. పదిహేను రోజులకోసారి నెలజీతంలో 25 శాతం, అంటే నెలకు సగం జీతం. 15,000 పరిమితితో చూస్తే పక్షానికి 3,750. గరిష్ఠంగా ఐదేళ్లు. గాయం 28 రోజులు, అంతకు పైబడి ఉంటే మొదటి రోజు నుంచే లెక్క. లోపే తగ్గితే మొదటి మూడు రోజులు పోతాయి.

ఈఎస్ఐలో ఇదే గాయానికి

లెక్క తీరే వేరు. తాత్కాలిక వైకల్యానికి సగటు దినసరి వేతనంలో 90 శాతం, కోలుకునేదాకా. ప్రమాదం జరిగిన రోజు కాకుండా కనీసం మూడు రోజులు పని చేయలేని స్థితి ఉండాలి. శాశ్వత వైకల్యమైతే మెడికల్ బోర్డు శాతం తేలుస్తుంది. అదే 90 శాతం రేటులో ఆ శాతం మేరకు జీవితాంతం నెలనెలా ఇస్తారు. 15,000 పరిమితి ఇక్కడ లేదు.

మన ప్రెస్ ఆపరేటరుకే ఈఎస్ఐ ఉంటే? 18,000ను 30 రోజులకు చూస్తే దినసరి 600, అందులో 90 శాతం 540. రెండు నెలలు సెలవులో ఉంటే 32,400 వస్తుంది. పరిహార చట్టం కింద అదే రెండు నెలలకు 15,000. బొటనవేలికి 30 శాతం చొప్పున రోజుకు 162, నెలకు దాదాపు 4,860, బతికున్నన్నాళ్లూ. తొమ్మిదేళ్లు దాటగానే ఇది ఆ 5,32,062ను మించుతుంది, అతనికి అప్పటికి 45 కూడా రావు. ఈఎస్ఐ ఎందుకు కట్ చేస్తున్నారని చిరాకు పడేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

సగటు ఎలా తీస్తారో కూడా గమనించండి. చందా కాలంలో చూపించిన మొత్తం జీతాన్ని, జీతం ఇచ్చినట్టు చూపించిన రోజులతో భాగిస్తారు. చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. యజమాని మీ అసలు 18,000కు బదులు 12,000 అని ఆన్‌లైన్‌లో చూపిస్తుంటే, మీ పింఛను ఆ 12,000 మీదే వస్తుంది. గాయం కాకముందే ఈఎస్ఐ పోర్టల్‌లో మీ చందా వివరాలు ఒకసారి చూసుకోవడం మంచిది. బోర్డు ఇచ్చిన శాతం తక్కువనిపిస్తే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు గానీ, ఈఐ కోర్టుకు (ఉద్యోగుల బీమా కోర్టు) గానీ వెళ్లవచ్చు.

యజమాని నానిస్తుంటే

మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ కేసులు వినేది కార్మిక శాఖ ఉప కమిషనర్ లేదా సహాయ కమిషనర్ స్థాయి అధికారి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు ఉండే ఊరి పరిధిలోనూ వేయవచ్చు. పాశమైలారంలో గాయపడి శ్రీకాకుళం వెళ్లిపోయినవాళ్లకు ఇది పెద్ద ఊరట. మీరు పనిచేసింది కాంట్రాక్టరు కింద అయితే పని ఇచ్చిన అసలు కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. కాంట్రాక్టరు ఫోన్ ఆపేసి మాయమైపోతాడు, కంపెనీ ఎక్కడికీ పోదు.

నెలలోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. పరిహారం ప్రమాదం జరిగిన రోజునే బాకీ పడుతుందని, వడ్డీ అప్పటి నుంచే లెక్కించాలని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆర్డర్ వచ్చిన తేదీ నుంచి వడ్డీ అంటే ఒప్పుకోకండి. 5,32,062 మీద ఏడాదికి 63,847. తగిన కారణం లేకుండా ఆలస్యం చేశాడని తేలితే పరిహారంలో 50 శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు. బీమా పాలసీ ఉంటే అసలూ వడ్డీ బీమా కంపెనీ కడుతుంది, జరిమానా మాత్రం యజమాని సొంత జేబులోంచే. రాజీకి సేటు ఎప్పుడు తొందరపడతాడో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

రాజీ చేసుకోవడం తప్పు కాదు. కానీ ఆ ఒప్పందాన్ని అధికారి దగ్గర నమోదు చేయించాలి. హక్కులు వదులుకుంటున్నానని తెల్లకాగితం మీద పెట్టించుకున్న సంతకం చెల్లదు. ఇప్పటికే పెట్టేసి ఉన్నా, రెండేళ్లు దాటకపోతే క్లెయిమ్ వేయండి.

యజమానులు ఎక్కువగా వాడే ఇంకో అస్త్రం, "తాగి పనికొచ్చాడు" లేదా "గార్డు తీసేసి నడిపాడు" అనడం. ఇవి నిజమైతే పూర్తి వైకల్యం దాకా పోని గాయాల్లో పరిహారం పోవచ్చు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం విషయంలో మాత్రం ఈ వాదన పనిచేయదు. ఇక గార్డు తీసింది మీరే కావాలని తీశారా, లేక ఉత్పత్తి తగ్గుతోందని సూపర్‌వైజరు తీయించాడా అన్నది వేరే ప్రశ్న. దానికే తోటి పనివాళ్ల సాక్ష్యం కావాలి.

పన్ను

అసలు పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు. పోయిన అవయవానికి, పోయిన సంపాదన శక్తికి బదులుగా వచ్చింది ఆదాయం కిందికి రాదు, మూలధనం కింద వచ్చిన మొత్తమే. 5,32,062కు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.

ఇక్కడ చిన్న టెన్షన్ పెట్టేది పేర్ల గందరగోళం. ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే పరిహారం వేరు. దానికి 5 లక్షల పరిమితితో మినహాయింపు ఉంది. ఆ పరిమితిని చూసి మీ వైకల్య పరిహారంలో 5 లక్షలు దాటిన 32,062కు పన్ను కట్టమని ఎవరైనా అంటే, రెండూ కలిపేసి మాట్లాడుతున్నారన్నమాట.

తాత్కాలిక వైకల్యం కింద వచ్చే డబ్బు గరిష్ఠంగా నెలకు 7,500, ఏడాదికి 90,000. అది ఒక్కటే వచ్చే మనిషి పన్ను పరిధి దగ్గరికి కూడా రాడు. ఈఎస్ఐ దారిలోనూ అంతే, అక్కడ జీతం పరిమితే 21,000. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల లోపు మామూలు ఆదాయానికి రిబేటుతో పన్ను సున్నా అవుతోంది కాబట్టి చాలామంది ఇక్కడితో ఆగిపోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: గాయపడి ఇంట్లో ఉన్నా యజమాని పూర్తి జీతం వేస్తూ ఉంటే అది జీతమే, జీతం లెక్కలోనే పడుతుంది.

మెలిక ఉన్నది వడ్డీ దగ్గర. ఆలస్యానికి వచ్చిన వడ్డీని ఇతర ఆదాయంగా చూస్తారు. ఎన్నేళ్ల వడ్డీ అయినా చేతికొచ్చిన ఏడాదిలోనే చూపాలి, అందులో సగం మినహాయింపు. మన ఆపరేటరుకు రెండేళ్ల వడ్డీ 1,27,694 వచ్చిందనుకుంటే పన్ను లెక్కలోకి వచ్చేది 63,847. మోటారు ప్రమాద కేసుల్లో ఇలాంటి వడ్డీ అసలు ఆదాయమే కాదని బొంబాయి హైకోర్టు 2019లో తీర్పిచ్చింది. పెద్ద మొత్తం వడ్డీ వచ్చినవాళ్లు ఆడిటరుతో ఈ మాట ప్రస్తావించండి.

పన్ను పడినా పడకపోయినా, బీమా కంపెనీలు వడ్డీ మీద టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోసేయడం మామూలే. పాన్ ఇస్తే 10 శాతం, ఇవ్వకపోతే 20. పాన్ లేదని ఊరుకుంటే 12,769కి బదులు 25,539 పోతుంది. కాబట్టి డబ్బు జమ అయ్యేలోపే పాన్ కార్డు కాపీ కేసు కాగితాల్లో పెట్టించండి. కోసింది మీ ఫారం 26ఏఎస్‌లో, అంటే మీ పాన్ మీద కోసిన పన్నుల పట్టీలో, కనబడుతుంది. మొత్తం ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే ఐటీ రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పల్లెటూళ్లలో రిటర్న్ అంటే భయపడి ఆ డబ్బు వదిలేసేవాళ్లు చాలామంది. మీసేవ పక్కనుండే టాక్స్ కన్సల్టెంటు ఎవరైనా చేసిపెట్టే చిన్న పని అది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది కనుక, ఆ తర్వాతి కాగితాల్లో సెక్షన్ నంబర్లు పాతవాటితో సరిపోలవు.

వచ్చిన పరిహారాన్ని ఫిక్సెడ్ డిపాజిట్ వేస్తే ఆ వడ్డీ మామూలు ఆదాయమే. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితేనే టీడీఎస్ కోస్తారు, వయోవృద్ధులకు లక్ష.

పాత పన్ను విధానం ఎంచుకునేవాళ్లకు సదరం లాంటి వైకల్య ధ్రువపత్రం ఇక్కడ పనికొస్తుంది. 40 శాతం నుంచి 75,000, 80 శాతం నుంచి 1,25,000 ఏటా ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఇది లేదు. గాయం వల్ల ఉద్యోగమే మానేయాల్సి వస్తే గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు నిబంధన వర్తించదని కూడా తెలుసుకోండి. అది పరిహారానికి అదనం, దాన్ని చూపించి పరిహారం తగ్గించడానికి లేదు. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కట్ అవుతున్న ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటే అదీ అదనమే: ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక పాదమో పూర్తిగా పోతే లక్ష, అలాంటివి రెండు పోతే 2 లక్షలు.

ఆర్డర్ చేతికొచ్చాక దాని సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అందులో పరిహారం ఎంత, వడ్డీ ఎంత, జరిమానా ఎంత అని విడివిడిగా ఉండాలి. మొత్తం కలిపి ఒకే అంకె వేసి ఉంటే విడగొట్టి రాయమని అక్కడే అడగండి. రేపు ఖాతాలో ఆరేడు లక్షలు ఎక్కడివని బ్యాంకు గానీ, పన్ను శాఖ గానీ అడిగితే చూపించాల్సిన కాగితం అదొక్కటే.